ఆపుకునే వీలున్న పనే మనకు పని

(సోలాపూర్‌లో సాంచా, టవల్ కార్ఖానాల కార్మికుల ఆరోగ్య సభలో ఒక కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం అలసట. ఈ మాట వినగానే మీలో కొందరు నవ్వుకుని ఉంటారు. అలసిపోనిది ఎవరు? కాగితం మీద ఎనిమిది గంటలున్నా పన్నెండు గంటలు నిలబడే షెడ్లు మన ఊళ్లోనూ ఉన్నాయి, భీవండీలోనూ ఉన్నాయి. సాంచా మీది మనిషి అలసిపోతాడు, అన్నం తింటాడు, పడుకుంటాడు, తెల్లారి లేచి మళ్లీ షెడ్డుకు పోతాడు. ఆ అలసట గురించి చెప్పడానికి నేను రాలేదు. పడుకున్నా పోని అలసట ఒకటి ఉంది. అది ఒక జబ్బు. డాక్టర్లు దానిని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు, ఎం.ఇ. అని కూడా అంటారు. మన మాటలో దీర్ఘకాలపు అలసట జబ్బు అనుకుందాం. ఆ జబ్బుతో ఉన్న మనిషి ఏ పని చెయ్యగలడు, ఆ పని ఎట్లా అడగాలి, పోగొట్టుకోకూడనిది ఏది అన్నదే నా ప్రసంగం.

జబ్బు ఎట్లా ఉంటుంది

అమెరికాలో వైద్య నిపుణుల సంస్థ 2015లో ఈ జబ్బును గుర్తుపట్టే లక్షణాలు తేల్చి చెప్పింది. మొదటిది, మునుపు చేసిన పని చెయ్యలేనంత అలసట ఆరు నెలలకు పైగా ఉండాలి. అది పుట్టుకతో ఉన్న నీరసం కాకూడదు, విశ్రాంతితో తగ్గిపోయేదీ కాకూడదు. రెండవది, శక్తికి మించి ఏదైనా చేస్తే ఆ తరువాత ఒళ్లు మొత్తం దిగజారిపోవాలి. మూడవది, ఎంత నిద్రపోయినా నిద్రపోయినట్టే ఉండకూడదు. వీటితోపాటు జ్ఞాపకం, ఆలోచన మందగించడం గానీ, నిలబడితే కళ్లు తిరిగి గుండె దడదడలాడడం గానీ, ఈ రెండింటిలో ఒకటైనా ఉండాలి.

ఇందులో రెండవ లక్షణమే మనను మోసం చేసేది. ఎందుకంటే దెబ్బ అప్పటికప్పుడు తగలదు. సోమవారం మంచిగున్నదని అదనపు షిఫ్టు చేస్తాం. మంగళవారం సాయంత్రానికో బుధవారానికో పడిపోతాం. ఒక్కోసారి రోజులు, ఒక్కోసారి వారాలు లేవలేం. సేఠ్ ఏమంటాడు? "మొన్న పన్నెండు గంటలు చేసినవ్, ఇయ్యాల ఏమయింది?" అంటాడు. మొన్న చేసినందుకే ఇయ్యాల పడిపోయినమని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఈ జబ్బును చూపించే రక్త పరీక్ష ఇంతవరకు ఒక్కటి కూడా లేదు. అందుకని రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి. నార్మల్ అని వచ్చినంత మాత్రాన మనిషి అబద్ధం చెబుతున్నాడని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో దీనిని 1969లోనే నాడీ సంబంధమైన వ్యాధులలో చేర్చింది. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్న పేరును అమెరికా డాక్టర్లు 1988లో పెట్టారు. చాలామందికి ఇది ఏదో ఒక వైరస్ జ్వరం వచ్చిపోయిన తరువాత మొదలవుతుంది. 2020 తరువాత కరోనా వచ్చి తగ్గినవాళ్లలో కూడా ఇటువంటి బాధ చాలామందిలో కనిపించింది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. అలసట అన్న ప్రతిదానికీ ఈ పేరు పెట్టుకోవద్దు. మొదట రక్తం తక్కువ ఉందా, థైరాయిడ్ ఉందా, షుగర్ ఉందా, టీబీ ఉందా, బి12 తక్కువ ఉందా చూపించుకోవాలి. అవన్నీ మందులున్న జబ్బులు. మనం దూదిపింజల దుమ్ములో బతికేవాళ్లం. సెలవు తరువాత మొదటి రోజు పనిలోకి దిగగానే ఛాతీ పట్టేసి ఊపిరాడకపోతే అది బిస్సినోసిస్ కావచ్చు. అది పత్తి దుమ్ము వల్ల వచ్చే వృత్తి వ్యాధి. 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలోనే దానికి చోటిచ్చారు. దానిని అలసట అని కొట్టిపారేస్తే మనకు రావలసిన పరిహారం మనమే వదులుకున్నట్టు. ఇవేవీ కాదని తేలిన తరువాతే డాక్టరు దీర్ఘకాలపు అలసట జబ్బు అని రాస్తాడు.

దీనికి నయం చేసే మందు ఇంకా రాలేదు. బలం సూదులు, గ్లూకోజ్ సీసాలు, టానిక్కులు అని పగార్ అంతా పోసేవాళ్లను మన గల్లీలలోనే చూస్తున్నాం. వాటితో ఈ జబ్బు పోదు. ఇంకొక సలహా కూడా ఇస్తారు: "కూర్చుంటే ఇంకా పాడవుతవ్, రోజుకింత ఎక్కువ చెయ్యి, అదే అలవాటవుతది" అంటారు. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2007లో ఇటువంటి వ్యాయామాన్నే సూచించింది. 2021 అక్టోబరులో అదే సంస్థ ఆ సలహాను తీసేసి, లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామం ఈ రోగులకు ఇవ్వవద్దని రాసింది. ఉన్న శక్తిలోపల ఉండడమే మంచిదని చెప్పింది. ఈ మాట మన ముకద్దమ్‌కూ, సేఠ్‌కూ, ఇంట్లో అత్తకూ మామకూ కూడా తెలియాలి.

తేలిక పని అంటే ఏది

నేను నాలుగు సాంచాలు నడిపినవాణ్ణి. 2021లో జ్వరం వచ్చి తగ్గింది. బలం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు టవల్ కార్ఖానాలో తనిఖీ బల్ల దగ్గర కూర్చుంటాను. నేను తెలుసుకున్నదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, తేలిక పని అంటే బరువు తక్కువున్న పని కాదు, ఆపుకునే వీలున్న పని. ఒళ్లు మనను ఆపకముందే మనం పని ఆపుకోగలగాలి. ఈ ఒక్క లెక్కతో మన పనులన్నీ చూడండి.

సాంచా నడపడం. దూరం నుంచి చూసేవాళ్లకు మిషనే నేస్తున్నట్టుంటుంది. కానీ నిలబడాలి, ఒక సాంచా నుంచి ఇంకొకదానికి తిరుగుతూనే ఉండాలి, పోగు తెగితే పరుగెత్తాలి. చప్పుడులో చెవులు, తల రెండూ అలసిపోతాయి. మీటరు లెక్క పగార్ కాబట్టి ఆగిన ప్రతి నిమిషానికీ మన పైసలే పోతాయి. రాత్రి షిఫ్టు ఉంటే నిద్ర మొత్తం తలకిందులు. ఈ జబ్బున్న మనిషికి ఇంతకంటే కష్టమైన పని లేదు. కోయంబత్తూరు వైపు స్పిన్నింగ్ మిల్లుల్లో రింగ్ ఫ్రేముల మధ్య తిరిగే మన అక్కచెల్లెళ్లదీ ఇదే సంగతి.

కండెలు చుట్టడం కూర్చుని చేసే పని. ఇంట్లో చేసుకుంటే ఆపుకోవచ్చు. కానీ కూలి తక్కువ. కార్ఖానాలోనైతే సాంచాలకు కండెలు అందకపోతే అందరూ మీద పడతారు. కాబట్టి అదే పని ఇంట్లో ఒక తీరు, షెడ్డులో ఇంకొక తీరు.

బీము మార్చినప్పుడు పోగులు అతికే పని. కూర్చునే చెయ్యొచ్చు, చప్పుడు తక్కువ. కానీ వేలకొద్దీ పోగులు, ఒక్కటి తప్పినా గుడ్డలో గీత పడుతుంది. తల మబ్బుగా ఉండేవాళ్లకు ఇది ఒళ్లు కదిలించే పనికంటే బరువు. అలసట చేతులదే కాదు, బుద్ధిది కూడా. గంటసేపు కళ్లు పెట్టి లెక్కపెట్టినా ఈ జబ్బులో రేపు పడిపోవచ్చు.

టవళ్ల తనిఖీ, మడత, అంచులు కుట్టడం, చద్దర్ల కొసలు ముడివేయడం. వీటిలో కూర్చోవచ్చు, పగటిపూట చెయ్యొచ్చు, పది నిమిషాలు తల వాల్చినా మిషను ఆగదు. రోజు కూలి మీద దొరికితే మంచిది. డజను లెక్కన ఇస్తే మళ్లీ పరుగే.

బీడీలు చుట్టడం. మన పూర్వ భాగంలో ఎన్నో ఇళ్లు ఆ అక్కల చేతుల మీదనే నిలిచాయి. ఇంట్లో చేసే పనే. కానీ వెయ్యి బీడీల లెక్క మెడ మీద కత్తిలా ఉంటుంది. వెయ్యి కాకుండా అయిదువందలే తీసుకోగలిగితేనే అది జబ్బు మనిషికి పని. ఊపిరి బాధ ఉన్నవాళ్లు పొగాకు దుమ్ము సంగతి కూడా చూసుకోవాలి.

స్టోరు, గేటు, తూకం, హాజరీ పుస్తకం రాయడం వంటి పనులు కూర్చుని చేసేవి, నెల జీతంవి. కానీ ఒక కార్ఖానాలో ఒకటో రెండో ఉంటాయి. అవి సేఠ్ బంధువులకు కాకుండా ఆరోగ్యం చెడిన పాత కార్మికులకు మొదట ఇవ్వాలని అడగడం యూనియన్ పని.

చిన్న దుకాణం పెట్టుకుంటే సుఖం అని కొందరు చెబుతారు. దుకాణం మనదే కావచ్చు, గిరాకీ మాత్రం మన చేతిలో లేదు. పొద్దున ఆరింటికి తలుపు తియ్యాలి, సరుకు మొయ్యాలి, అప్పు వసూలుకు తిరగాలి. ఇంట్లో ఇంకొక మనిషి తోడు లేకపోతే అది సాంచాకంటే సుఖం కాదు.

కాబట్టి ఏ పని వచ్చినా అయిదు ప్రశ్నలు వేసుకోండి. కూర్చోవచ్చా? ఆపుకోవచ్చా? గంటల లెక్కా, మీటరు లెక్కా? పగలా, రాత్రా? పోవడానికి, రావడానికి ఎంత శక్తి ఖర్చవుతుంది? అయిదింటికీ మంచి జవాబు రాదు. మొదటి మూడింటికి వస్తే ఆ పని ప్రయత్నించవచ్చు.

అక్కలకు ఆరో ప్రశ్న కూడా ఉంది. ఇంటికి పోయాక ఇంకెంత పని ఉంది? నీళ్లు పట్టడం, బట్టలు పిండడం, రొట్టెలు చెయ్యడం, ఇదంతా ఒంటికి పనే. కార్ఖానాలో సగం పని తగ్గించి ఇంట్లో మొత్తం పని ఆమె మీదనే పెడితే ఆ మనిషికి మిగిలేది ఏమీ లేదు. మగవాళ్లు ఈ మాట విని ఊరుకోవద్దు. బిందె ఎత్తండి.

పుస్తకంలో రాసుకోండి

పని అడగడానికి ముందు మన శక్తి ఎంతో మనకు తెలియాలి. నాలుగు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏ రోజు ఎన్ని గంటలు పని, ఎంతసేపు నిలబడ్డాం, రాత్రి నిద్ర ఎట్లా ఉంది, మరునాడు, ఆ మరునాడు ఒళ్లు ఎట్లా ఉంది. చదువు రానివాళ్లకు పిల్లలు రాసి పెట్టొచ్చు. నెల తిరిగేసరికి ఇన్ని గంటలు దాటితే పడిపోతున్నాను అని తెలిసిపోతుంది. ఆ గీతకు కొంచెం ఇవతలే ఆగాలి. మంచిగున్న రోజున కూడా అక్కడే ఆగాలి. మంచి రోజే మనను ముంచేది.

ఈ పుస్తకం డాక్టరుకూ పనికొస్తుంది, సేఠ్‌తో మాట్లాడేటప్పుడూ పనికొస్తుంది. "నాకు చాతకాదు" అంటే పనిదొంగ అంటారు. "పగటిపూట నాలుగు గంటలు, కూర్చుని, వారానికి ఇన్ని రోజులు చేస్తాను, ఆ గంటల్లో నా పని లెక్క చూసుకోండి" అంటే అది బేరం. చెయ్యలేనిదే చెప్పి ఊరుకోవద్దు, చెయ్యగలిగింది ముందు పెట్టండి. ఒంటరిగా పోవద్దు, యూనియన్ మనిషిని వెంట తీసుకుపోండి. ఒప్పుకున్నది నోటిమాటగా వదలకుండా కాగితం మీద రాయించుకోండి. ఒక నెల చూద్దామని మొదలుపెడితే సేఠ్‌కూ భయం ఉండదు.

మూడు రోజుల లెక్క

ఇక చట్టం సంగతి. పది మంది, అంతకు మించి పనిచేసే కార్ఖానాకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. 1948లో వచ్చిన ఏర్పాటు ఇది. కార్మికుని జీతంలో నూటికి 75 పైసలు, యజమాని నుంచి నూటికి 3 రూపాయల 25 పైసలు కట్టాలని 2019 జూలైలో రేట్లు మార్చారు. జబ్బు పడి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే సగటు జీతంలో నూటికి 70 వంతు, ఏడాదిలో 91 రోజుల వరకు సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది.

దీనికి ఒక షరతు ఉంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఆరు నెలలంటే 26 వారాలు. 26ను మూడుతో గుణించండి, 78 వస్తుంది. అంటే వారానికి మూడు రోజులు హాజరీ పడితే మన హక్కు నిలుస్తుంది. ఈ లెక్క ఇంటి గోడ మీద రాసిపెట్టుకోండి. ఆరు రోజులు చెయ్యలేని మనిషి పని మొత్తం మానెయ్యవలసిన అవసరం లేదు. అదే జబ్బుతో, లేక ఇంట్లో పసిపిల్లలతో ఉన్న ఇంకొకరితో కలిసి ఒకే పనిని చెరి మూడు రోజులు పంచుకోవచ్చు. బద్లీ పద్ధతి మిల్లుల్లో తాతల నాటి నుంచి ఉంది. యజమాని అవసరానికి పుట్టిన బద్లీని కార్మికుని అవసరానికి వాడుకుందాం అంటున్నాను. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఇద్దరి పేర్లూ హాజరీ పుస్తకంలో ఉండాలి. ఒకరి పేరు మీద ఇంకొకరు చేస్తే ఇద్దరికీ నష్టం.

లోపాలు కూడా చెప్పాలి. సిక్‌నెస్ బెనిఫిట్ అయిపోయిన తరువాత ఎక్కువ కాలం సాయం అందే 34 జబ్బుల జాబితా ఈఎస్‌ఐలో ఉంది. టీబీ, పక్షవాతం, క్యాన్సర్ అందులో ఉన్నాయి, మన ఈ జబ్బు లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాలు గుర్తించింది. అందులోనూ దీని పేరు విడిగా లేదు. పైగా పది మంది లెక్క తప్పించుకోవడానికి ఒకే షెడ్డును కొడుకు పేర, కోడలి పేర ముక్కలు చేసి నడిపే సేఠ్‌లు ఉన్నారు. అక్కడ పనిచేసేవాళ్లకు కార్డే లేదు. ఇవి ఒంటరి మనిషి దరఖాస్తుతో తీరేవి కావు. యూనియన్ పోరాడి తీర్చవలసినవి.

రాజీనామా రాయవద్దు

అన్నిటికంటే ముఖ్యమైన మాట. జబ్బు మనిషికి నాగాలు ఎక్కువైతే ఏదో ఒక రోజు కాగితం ముందు పెట్టి, "సంతకం చెయ్యి, మంచిగైనంక మళ్లా రా" అంటారు. చెయ్యకండి. ఆ సంతకంతో హాజరీ ఆగుతుంది, చందా ఆగుతుంది, సర్వీసు తెగిపోతుంది. మళ్లీ తీసుకున్నా కొత్త మనిషిగానే తీసుకుంటారు.

గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు కావాలని అందరికీ తెలుసు. కానీ మనిషి చనిపోయినా, జబ్బు వల్ల గానీ ప్రమాదం వల్ల గానీ మునుపు చేసిన పని చెయ్యలేని స్థితి వచ్చి పని మానవలసి వచ్చినా, ఆ అయిదేళ్ల షరతు లేదని 1972 గ్రాట్యుటీ చట్టంలోనే రాశారు. చట్టాలు కోడ్‌లుగా మారినప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఆ మాట నిలిచింది. "నా ఇష్టంతో మానుకుంటున్నాను" అని రాస్తే ఆ దారి మూసుకుపోతుంది. నిజంగా మానవలసి వస్తే జబ్బు వల్ల మానుతున్నానని, డాక్టరు కాగితం జతచేసి రాయాలి. రాసేముందు యూనియన్ ఆఫీసు మెట్లు ఎక్కాలి.

మిగతావాళ్లు చెయ్యవలసింది

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు లేదు. కానీ మీ పక్క సాంచా మనిషికి ఉండొచ్చు. ఆ మనిషి జబ్బుకంటే ఎక్కువగా మాటలతో చస్తాడు. "చూస్తే దుక్కలా ఉన్నాడు", "నిన్న పెళ్లిలో నవ్వుకుంటూ తిరిగింది, ఇయ్యాల పనికి రాలేదు" అన్నవి మన నోటి నుంచి వచ్చే మాటలే. పెళ్లిలో తిరిగినందుకే ఇయ్యాల లేవలేదేమో అని ఒక్కసారి అనుకోండి. మనమే నమ్మకపోతే సేఠ్ ఎందుకు నమ్ముతాడు?

విశ్రాంతిని మన తాతలకు ఎవరూ దానంగా ఇవ్వలేదు. 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి నారాయణ్ మేఘాజీ లోఖండే పెట్టిన కోర్కెలలో వారానికి ఒక రోజు సెలవు ముఖ్యమైనది. ఆ ఆదివారం సెలవు 1890లో వచ్చింది. అప్పుడు కూడా యజమానులు కూలివాళ్లకు సెలవెందుకు, సోమరులవుతారు అనే ధోరణిలోనే ఉన్నారు. ఆ రోజు ఆరోగ్యవంతులందరి కోసం ఒక రోజు అడిగాం. ఇయ్యాల ఆరోగ్యం చెడినవాళ్ల కోసం పని మధ్యలో విరామం, ఒక స్టూలు, పగటి షిఫ్టు అడుగుతున్నాం. కోరిక పెద్దదేమీ కాదు.

కాబట్టి ఈ సభ ముందు నాలుగు కోర్కెలు పెడుతున్నాను.

ఒకటి: ప్రతి కార్ఖానాలో కూర్చుని చేసే పనుల జాబితా తయారుచేసి, వాటిలో ఖాళీ వస్తే ఆరోగ్యం చెడిన పాత కార్మికులకు మొదటి అవకాశం ఇవ్వాలి.

రెండు: డాక్టరు కాగితం ఉన్నవాళ్లను రాత్రి షిఫ్టు నుంచి, మీటరు లెక్క నుంచి తప్పించి గంటల లెక్కన పగార్ ఇవ్వాలి.

మూడు: ఒక పనిని ఇద్దరు చెరి మూడు రోజులు పంచుకునే ఏర్పాటుకు, ఇద్దరి పేర్లతో, యజమానులు ఒప్పుకోవాలి.

నాలుగు: ఈఎస్‌ఐ ఎక్కువ కాలపు సాయం జాబితాలో దీర్ఘకాలపు అలసట జబ్బును చేర్చాలి. ఈఎస్‌ఐ డాక్టర్లకు ఈ జబ్బు గురించి తెలియజెప్పాలి.

జబ్బున్న అన్నలకు, అక్కలకు ఆఖరుగా ఒక మాట. మునుపటి మనిషిని కాలేకపోయానని కుమిలిపోవద్దు. సగం పని చేసినా పూర్తి కార్మికులమే. మన పేరు హాజరీ పుస్తకంలో ఉన్నంతకాలం, మన కార్డు యూనియన్‌లో ఉన్నంతకాలం మనం బయటివాళ్లం కాము. 

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి.